వ్యాపార యాత్రికుడును తేలికైన ల్యాప్‌టాపును

పూర్వము మన వర్తకులు దూరదేశములకు పోవునపుడు వెంట గొనిపోవు సామగ్రి మిక్కిలి కొద్ది. చిట్టా, ఆవర్జా, కలము, సరకు మచ్చుల మూట, ఇంతియే. నేడు చిట్టాయు ఆవర్జాయు ఉత్తరప్రత్యుత్తరములును మచ్చుల పటములును బ్యాంకు లెక్కలును ఒక్క పలకయందే యిమిడియున్నవి. దానినే ల్యాప్‌టాప్ అందురు. ఒడిపై నుంచుకొని పనిచేయదగిన గణకయంత్రమని యర్థము. గుంటూరు మిరపకాయల బేరమునకై పోవువాడును, భీమవరపు రొయ్యల యెగుమతి లెక్కలు చూచువాడును, హైదరాబాదు మందుల కంపెనీల ప్రతినిధియు దీనిని భుజమున దగిలించుకొనియే తిరుగుచున్నారు. ఈ సంచికను చదువు పూర్వవిద్యార్థులలో ననేకు లట్టివారు. ఇప్పుడు పై తరగతులలో గూర్చున్నవారిలో ననేకులు రేపట్టివారు కాగలరు.

మంచి యంత్రమునకగు ఖరీదు క్రొత్తగా నుద్యోగమున జేరిన యువకునకు రెండు మూడు నెలల జీతము. ఎన్నిక తప్పెనేని యా తప్పును నాలుగైదేండ్లు భుజముపై మోయవలసివచ్చును. గింజ నుండి బంగారము వఱకు తూచి కొను మనవారు ఈ యొక్క వస్తువును మాత్రము ప్రకటనలోని యంకెను నమ్మి తూచకయే కొనుచుండుట చిత్రము. కావున దీనినిగూర్చి కొంచెము విపులముగ వ్రాయ దలచితిమి.

ఈ యంత్రములు మొదటినుండియు తేలికగా నుండలేదు. 1981వ సంవత్సరమున అమెరికాలో విక్రయమునకు వచ్చిన ఆస్‌బోర్న్ 1 అనునది, వెంట గొనిపోదగినదని పేరుపొంది విరివిగా నమ్ముడుపోయిన మొదటి గణకము. దాని తూకము ఇంచుమించు 11 కిలోగ్రాములు. కుట్టుమిషను పెట్టెవలె పిడి పట్టుకొని మోయవలెను. తెర యైదంగుళములు. బ్యాటరీ లేనే లేదు. గోడయందు ప్లగ్గు దొరకిన చోటనే పని. దానిని వెలువరించిన ఆడమ్ ఆస్‌బోర్న్ బాల్యము మన పొరుగుననున్న తిరువణ్ణామలైలో గడచినది. ఆయన 2003లో కొడైకెనాలులో మరణించెను. ప్రయాణపు గణకమును లోకమునకు జూపినవాడు అరుణాచలము నీడను పెరిగినవాడని మన విద్యార్థులలో నెందఱికి దెలియును?

మఱుసటి సంవత్సరమున, అనగా 1982లో, గ్రిడ్ కంపాస్ అను యంత్రము వచ్చెను. తెర మూతవలె మీటల పలకపై ముడుచుకొను నేటి యాకారమునకు అదియే మూలము. దాని బరువు సుమారు 5 కిలోలు. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఒక కాగితపు కవరునుండి మాక్‌బుక్ ఎయిరును వెలికిదీసి చూపినపుడు సభాసదు లాశ్చర్యపడిరి. దాని బరువు 1.36 కిలోలు. ఇటీవల జపానులో ఫుజిట్సు కంపెనీవారు 13.3 అంగుళముల తెరగల యంత్రమును 634 గ్రాములకు దించిరి. క్రిక్కిఱిసిన రైళ్లలో నిలువబడి నిత్యము పనికి బోవు ఉద్యోగులు గల దేశమున ఇట్టి ప్రయత్నము జరుగుట సహజమే.

అట్లయిన నన్నిటికంటె తేలికైనదానిని కొనిన సరిపోవునుగదా యని చదువరు లడుగవచ్చును. సరిపోదని మా యభిప్రాయము. తగ్గిన బరువు ఏ యంగము నుండి తగ్గినదో తెలిసికొనినగాని ఆ తేలికదనము లాభమో నష్టమో నిర్ణయింపరాదు.

ల్యాప్‌టాపులో బరువైనవి ముఖ్యముగా మూడు: పైడొప్ప, తెర, బ్యాటరీ. పైడొప్పను అల్యూమినియముతో చేయుట వాడుక. ఒక ఘన సెంటీమీటరు అల్యూమినియము 2.7 గ్రాములు తూగగా, మెగ్నీషియము 1.74 గ్రాములు మాత్రమే తూగును. అందువలన మిక్కిలి తేలికైన యంత్రములకు మెగ్నీషియపు మిశ్రలోహమును గాని, కార్బన్ నారతో నేసిన పలకను గాని వాడుదురు. ఇవి చేతికి పలుచగా, కొంచెము బోలుగా దోచినను బలహీనములని భ్రమపడరాదు. చేతికి బరువుగా దోచినదే గట్టిదనుకొనుట ఇత్తడి చెంబుల విషయమున చెల్లునుగాని యిచట చెల్లదు. ఈ విధముగ తగ్గిన బరువు నిజమైన లాభము. దానికై యెక్కువ ధర యిచ్చినను నష్టము లేదు.

బ్యాటరీ సంగతి వేఱు. నేటి ల్యాప్‌టాపులన్నియు లిథియం అయాన్ బ్యాటరీలతో నడచుచున్నవి. వీనిని 1991లో సోనీ కంపెనీ మొదట బజారునకు దెచ్చినది. వీని నిర్మాణమునకు మూలమైన పరిశోధనలు చేసిన గుడినఫ్, విటింగ్‌హాం, యోషినో అను ముగ్గురకు 2019లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమాన మొసగబడినది. ఒక కిలోగ్రాము బ్యాటరీయందు ఇంచుమించు 200 నుండి 250 వాట్-గంటల శక్తి నిలువయుండును. ఒక వాట్ చొప్పున ఒక గంటసేపు వాడుకొనదగిన శక్తికి వాట్-గంట యని పేరు. అనగా 50 వాట్-గంటల బ్యాటరీ కావలెనన్న 200 గ్రాములో 250 గ్రాములో ఒప్పుకొనక తప్పదు. దీనిని సగము చేసిన యంత్రము నూఱు గ్రాములకు పైగా తేలికపడును, చూపఱు మెత్తురు. కాని పని వేళయు సగమగును. తేలికదనమునకై తహతహలాడు తయారీదారు మొదట చేయిపెట్టునది తఱచుగా నిచ్చటనే.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తము. ప్రయాణికుడు మోయునది యంత్రమును గాదు, సంచిని. ఒక యంత్రము 990 గ్రాములే యనుకొందము. దాని ఛార్జరు లావైన మూడు పిన్నుల తీగతో 330 గ్రాములు. యంత్రము పలుచనైనందున పెద్ద రంధ్రములు లేవు. కావున అతికించుకొనుటకు ఒక జోడింపు పెట్టె 90 గ్రాములు. బ్యాటరీ చాలదని వెంట నుంచుకొను పవర్ బ్యాంకు 350 గ్రాములు. మొత్తము 1,760 గ్రాములు. మఱియొక యంత్రము 1,240 గ్రాములు. దాని బ్యాటరీ పగలంతయు వచ్చును. సెల్‌ఫోనునకు సైత ముపయోగించు చిన్న ఛార్జరు 120 గ్రాములు. మొత్తము 1,360. బరువైన యంత్రమును గొన్నవాని సంచి 400 గ్రాములు తేలికయైనది! ఈ లెక్కకు హైస్కూలు గణితము చాలును, గాని దుకాణమునకు బోయి దీనిని వేయువా రరుదు. (బడిపిల్లల పుస్తకముల సంచి వారి శరీరపు బరువులో పదవ వంతునకు మించరాదని భారత ప్రభుత్వము 2020 నాటి విధానమున జెప్పినది. పెద్దవారి సంచిని తూచువారెవరును లేరు.)

ప్రకటనలలోని గంటల విషయమై కొంత జాగ్రత్త యవసరము. పదునెనిమిది గంటలు, ఇరువది గంటలు నని వ్రాయుదురు. అది యబద్ధము కాదు. తెర వెలుగు తగ్గించి సినిమాను నిరంతరముగా నాడించినపుడు వచ్చిన లెక్క యది. మన పని సినిమా చూచుట కాదుగదా. లెక్కను మనమే వేసికొనవచ్చును. 2022లో వచ్చిన మాక్‌బుక్ ఎయిరు బ్యాటరీ 52.6 వాట్-గంటలు. ఉత్తరములు వ్రాయుచు లెక్కలు చూచుచు ఆఱు వాట్‌ల చొప్పున వాడిన నదియే బ్యాటరీ యెనిమిదిమ్ముప్పావు గంటలు వచ్చును. తెరను పూర్తిగ వెలిగించి, వీడియోలో ముఖాముఖి మాటలాడుచు, పండ్రెండు వాట్‌లు వాడిన నాలుగు గంటల పైచిలుకు మాత్రమే. 2023 జనవరి 15న ప్రారంభమైన విశాఖపట్టణము సికింద్రాబాదు వందే భారత్ రైలు ప్రయాణము సుమారు ఎనిమిదిన్నర గంటలు. ఆ రైలులో ప్రతి యాసనమునకును ప్లగ్గు సౌకర్యము గలదు గనుక బాధ లేదు. రాత్రి రైళ్లలో నట్లు గాదు. 2021 మార్చిలో పశ్చిమ రైల్వేవారు అగ్నిప్రమాదముల భయముచే రాత్రి 11 గంటలు మొదలు తెల్లవారుజామున 5 గంటల వఱకు బోగీలలోని ఛార్జింగు ప్లగ్గులకు విద్యుత్తు నాపివేయ నారంభించిరి. రాత్రి బండిలో పోయి యుదయమున నేరుగ ఖాతాదారుని యెదుట గూర్చుండవలసినవాడు సాయంకాలమే బ్యాటరీ నింపుకొని యెక్కవలెను.

బ్యాటరీ యెంతకాలము వచ్చుననునది లోపలి ప్రాసెసరుమీద గూడ నాధారపడును. 2020 చివర ఆపిల్ వారు విడుదలచేసిన ఎం1 చిప్పుతో, ఫ్యాను లేకయే దినమంతయు పనిచేయు తేలికైన యంత్రము సాధ్యమని స్పష్టమైనది. 2024లో క్వాల్‌కాం వారి స్నాప్‌డ్రాగన్ ఎక్స్, ఇంటెల్ వారి లూనార్ లేక్ చిప్పులు విండోస్ యంత్రములకును అట్టి మితవ్యయమును దెచ్చినవి. ఫ్యాను లేని యంత్రము నిశ్శబ్దముగ నుండును, దుమ్ము పీల్చదు. కాని వేడెక్కినపుడు తన వేగమును దానే తగ్గించుకొనును. మే నెలలో రాజమండ్రి ప్లాటుఫారముపై దానినుండి పరుగు నాశింపరాదు. లేఖలకును లెక్కలకును పరుగు అవసరమును లేదు.

స్నాప్‌డ్రాగన్ వంటి చిప్పులతో నడచు విండోస్ యంత్రములను కొనువారు ఒక సంగతి గమనింపవలెను. ఆ చిప్పుల భాష వేఱు. సాధారణమైన కార్యక్రమములు దుబాసీ సహాయమున నడచును గాని, ప్రింటరు మొదలగు పరికరముల డ్రైవర్లు ఆ చిప్పుకొఱకే వ్రాయబడి యుండవలెను. మన దేశమున టెండర్లు వేయువారును కంపెనీల పత్రములు దాఖలుచేయువారును డిజిటల్ సంతకపు టోకెను నుపయోగింతురు. ఊరుగాని ఊరిలో, గడువునాటి సాయంకాలమున, టోకెనును యంత్రము గుర్తింపకున్న నెంత తేలికగ నుండియు నేమి ప్రయోజనము? కొనుటకు ముందే టోకెనును జేబులో నుంచుకొని దుకాణమునకు బోయి పెట్టి చూచుట మేలు.

ఛార్జరు విషయమున కాలము మన కనుకూలముగ మాఱినది. ఒకప్పు డొక్కొక్క కంపెనీ కొక్కొక్క పిన్ను. ఇప్పుడు యూఎస్‌బీ-సీ అను నొకే రంధ్రముగుండ ఫోనును ల్యాప్‌టాపును నింపవచ్చును. ఐరోపా సమాఖ్యవారి చట్టము ఫోనుల విషయమున 2024 డిసెంబరు 28 మొదలుకొనియు, ల్యాప్‌టాపుల విషయమున 2026 ఏప్రిలు 28 మొదలుకొనియు ఈ రంధ్రమునే విధించినది. గాలియం నైట్రైడుతో చేసిన 65 వాట్‌ల ఛార్జరు అరచేతిలో నిమిడిపోవును. తేలికైన యంత్రమునకు అది చాలును. ఛార్జరుపై 100-240 వోల్టులని యచ్చువేసియుండునా చూడవలెను. ఉన్నచో మన 230 వోల్టులకును అమెరికా 120 వోల్టులకును అదియే పనిచేయును. పిన్నులు మాత్రము దేశమునుబట్టి మార్చుకొనవలెను. మన గుండ్రని పిన్నులు లండనులో దూఱవు.

విమానమున బోవువారికి 100 అను నంకె ముఖ్యము. 100 వాట్-గంటల వఱకు గల బ్యాటరీని అనుమతి యక్కఱలేకయే వెంట నుంచుకొనవచ్చును. 100కును 160కిని నడుమ నున్నచో విమానకంపెనీ యనుమతి కావలెను. ఆపైన ప్రయాణికుల సామానులో తేరాదు. పెద్ద ల్యాప్‌టాపుల బ్యాటరీలు సరిగ నూఱునకు లోపుననే నిలిచియుండుటకు నిదియే హేతువు. విడి బ్యాటరీలును పవర్ బ్యాంకులును చేతిసంచిలోనే యుండవలెను, లోనికి పంపు పెట్టెలో నుంచరాదు. పవర్ బ్యాంకుపై శక్తిని మిల్లీ ఆంపియర్-గంటలలో వ్రాయుదురు, దానిని 3.7 చే గుణించి వేయిచే భాగించిన వాట్-గంటలు వచ్చును. 20,000 గలది 74 వాట్-గంటలు. 27,000 గలది గీతకు తాకుచున్నది. విద్యార్థులు లెక్కవేసి చూతురుగాక.

తెర పదుమూడు లేక పదునాలు గంగుళములు చాలును. విమానమున ముందరి యాసనమువాడు వెనుకకు వాలినపుడు పదునైదంగుళముల తెర సగమే తెఱచుకొనును. అద్దమువలె మెఱయు తెరకంటె మెఱపులేని తెర మేలు. రైలు కిటికీ ప్రక్కన మెఱపుతెరలో లెక్కలకంటె మన ముఖమే బాగుగ గానవచ్చును. వెలుగు 300 నిట్‌లకు తగ్గరాదు, 400 ఉన్న మంచిది. మీటల విషయమున మాత్రము రాజీపడవలదని మా గట్టి సలహా. దినమున కిరువది యుత్తరములు వ్రాయువానికి నూఱు గ్రాముల బరువుకంటె వ్రేళ్ల నొప్పియే పెద్ద బాధ.

ఇక తేలికదనమునకు మనమిచ్చు మూల్యములలో మిక్కిలి పెద్దది చెప్పవలసియున్నది. అది మరమ్మతు. యంత్రమును పలుచన చేయుటకై జ్ఞాపకశక్తి చిప్పులను, అనగా ర్యామును, మూలపలకకే అతికివేయుచున్నారు. లూనార్ లేక్ చిప్పులో నది ప్రాసెసరుతోబాటే కూర్చబడియున్నది. మొదట 8 జీబీ చాలునని కొని, రెండేండ్లకు చాలదని తెలిసినచో చేయదగిన దేమియు లేదు. కావున కొన్ననాడే 16 జీబీ తీసికొనవలెను. ఇది యాడంబరము గాదు, పొదుపు. ఫైళ్లు దాచుకొను డిస్కు విప్పి మార్చుకొనదగినదైనచో చిన్నదానితో నారంభింపవచ్చును. అదియు నతికివేసినదైనచో 512 జీబీకి తగ్గరాదు. అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అను కంపెనీవారు 2021 నుండి ప్రతి భాగమును యజమానియే విప్పి మార్చుకొనదగిన యంత్రములను అమ్ముచున్నారు. వారి చిన్న యంత్రము బరువు 1.3 కిలోలే. పలుచన కావలెనన్న అతికింపక తప్పదనువారికి నది యుత్తరము.

ఊరూర దిరుగువానికి యంత్రము చెడిపోవుట యొక దినపు బేరము చెడిపోవుటయే. కాబట్టి ధరలో మూడు నాలుగు వేలు తగ్గించుటకంటె, మనుష్యుడు మనయొద్దకు వచ్చి బాగుచేయు హామీని మూడేండ్లకు కొనుట మేలు. ఆ హామీ ఏయే యూళ్లకు వర్తించునో, విదేశములలో చెల్లునో లేదో, కాగితముపై చదివి తెలిసికొనవలెను. దుకాణమువాని నోటిమాట చాలదు. గోడకు చిత్రము చూపు ప్రొజెక్టరు తీగ నేరుగ తగులుకొను హెచ్‌డీఎంఐ రంధ్ర మున్న యంత్రమునే మే మెన్నుకొందుము. చిన్న జోడింపు తీగ హోటలులో మఱచి వచ్చుటకంటె తేలికైన పని లేదు. పోయినచో యంత్రమేగాక అందలి ఖాతాదారుల లెక్కలు పరులపాలగును. అందుచే డిస్కునంతయు గుప్తలిపిలో నుంచు ఏర్పాటును మొదటిదినముననే నడపవలెను. 2023లో మన పార్లమెంటు వ్యక్తుల సమాచార రక్షణకై చట్టము చేసినది గనుక ఇది మర్యాద విషయము మాత్రమే గాదు.

ఇంత ధర పెట్టలేని యువకు డేమి చేయవలెను? క్రొత్తది, చౌకది, బరువైనదియునగు యంత్రమునకంటె, పెద్ద కంపెనీల యుద్యోగులు మూడేండ్లు వాడి విడిచిన తేలికైన వ్యాపారశ్రేణి యంత్రము మేలని మా నమ్మకము. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ అనునది 2012లో వచ్చినప్పుడే 1.36 కిలోలు, తరువాతివి మఱింత తేలికపడినవి. ఇట్టివానిని శుభ్రపఱచి, పరీక్షించి యమ్మువారు నగరములలో గలరు. కాని మూడు సంగతులు చూడవలెను. బ్యాటరీ తన తొలి శక్తిలో నెంత మిగుల్చుకొన్నదో యంత్రమునే యడిగి తెలిసికొనవచ్చును. నూటికి ఎనుబదికి తగ్గినచో క్రొత్త బ్యాటరీ ఖరీదును ధరనుండి తగ్గింపుమనవలెను. విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక, విండోస్ 11ను నడపజాలని యంత్రము ఎంత చౌకయైనను వలదు. ఇంటెల్ చిప్పులలో ఎనిమిదవ తరమునకు పూర్వపువి యిందు సాధారణముగ జేరవు. మూతను కలుపు కీలు వదులైనదా యని తెరను రెండు మూడుమాఱులు తెఱచి మూసి చూడవలెను.

దుకాణమునకు బోవునపుడు నిత్యము మోయు సంచినే భుజమున దగిలించుకొని పోవుడు. యంత్రము నందుంచి పదినిమిషములు నిలిచి చూడుడు. నిలువబడియే దానిని ఒకచేత దీసి తెఱవుడు. ఒక పేజీ నిండ టైపు చేయుడు. పిమ్మట తూనికయంత్రము దెప్పించి, యంత్రమును ఛార్జరును దాని తీగలను అన్నిటిని కలిపి తూచుమని యడుగుడు. అంగడివారు ఛార్జరును ప్రక్కకు దీసి తూచ జూతురు. మరల పెట్టించి తూపింపుడు.